ఐదుగురితో ఆడిన ఏడుగురి ఆట

మా నెట్‌బాల్ టీమ్‌ను ఆపేస్తున్నామని కాలేజీవాళ్ళు చెప్పిన రోజు నేను పరాయి దేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో అద్దెకున్న గదిలో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. కరోనా వల్ల దేశమంతా ఇళ్ళలోనే ఉంది. తెర మీద మా అమ్మాయిల ముఖాలు చిన్న చిన్న గళ్ళలో కనిపిస్తున్నాయి. స్పోర్ట్స్ ఆఫీసులో టీమ్‌ల వ్యవహారం చూసే అధికారి నలభై దాటిన మనిషి, మంచి మర్యాదస్తుడు. ముందుగా మా ఆరోగ్యాలు అడిగాడు, తర్వాత ఇంట్లోవాళ్ళ ఆరోగ్యాలు అడిగాడు. అన్నీ అయ్యాక, "మీ టీమ్‌ను తాత్కాలికంగా నిలిపేస్తున్నాం" అన్నాడు.

"తాత్కాలికంగా అంటే ఎప్పటిదాకా?" అని అడిగింది మా కెప్టెన్. ఆమె ఇక్కడే బెడోక్ పేటలో పుట్టి పెరిగిన చైనీస్ అమ్మాయి. పొట్టిగా ఉంటుంది గానీ కోర్టులో ఆమెను దాటుకుని బంతి వెళ్ళడం కష్టం.

"పరిస్థితులు చక్కబడేదాకా."

"ఫుట్‌బాల్ వాళ్ళక్కూడా ఇదే చెప్పారా?"

"ఒక్కో టీమ్ పరిస్థితి ఒక్కోలా ఉంటుంది" అన్నాడు.

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే మా పరిస్థితి ఏమిటో నాకు బాగా తెలుసు. మేము ఎప్పుడూ మెడల్ గెలవలేదు. కాలేజీల మధ్య జరిగే పోటీల్లో మధ్యలో ఎక్కడో ఉండేవాళ్ళం, మరీ చివర కాదు, ముందూ కాదు. మా ఫోటో కాలేజీ గోడకు ఎక్కలేదు. మా మ్యాచ్ చూడటానికి వచ్చేది మా రూమ్మేట్లే.

నేను అనంతపురంలో బడిలో త్రోబాల్ ఆడినదాన్ని. నెట్‌బాల్ అనే ఆట ఒకటుందని ఇక్కడికి స్కాలర్‌షిప్ మీద చదువుకోవడానికి వచ్చేదాకా తెలియదు. మొదటి వారంలో కాలేజీ క్యాంటీన్‌లో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటే కెప్టెన్ వచ్చి నా పొడుగు చూసి, "బంతి పట్టుకోవడం వచ్చా?" అని అడిగింది. వచ్చన్నాను. "సాయంత్రం రా, మిగిలింది కోచ్ నేర్పుతుంది లా" అంది, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ "లా"తో సహా. అప్పటిదాకా ఈ ఊళ్ళో నన్ను ఎవరూ ఎక్కడికీ రమ్మనలేదు. వెళ్ళాను. బంతి చేతికొస్తే అడుగు వెయ్యకూడదు, మూడు క్షణాల్లో ఇంకొకరికి ఇచ్చెయ్యాలి, ఎవరి చోటు వాళ్ళది. ఏడుగురి ఆట. ఆ ఏడుగురిలో నాకొక చోటు దొరికింది. దాన్ని ఇప్పుడొకాయన మర్యాదగా తీసేస్తున్నాడు.

కాలేజీ ఆటలకు డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ మీటింగులోనే తెలిసింది. మా పెద్ద ఇండోర్ హాలును బయటి కంపెనీలకు అద్దెకిచ్చేవాళ్ళు. హాలుకు తాళం పడింది, ఆ రాబడి పోయింది. విద్యార్థుల ఫీజులో కొంత ఆటలకు వెళ్ళేది. జిమ్ము, ఈతకొలను మూసేశాక మా ఫీజు మాకివ్వండని విద్యార్థులు అడిగారు. వాళ్ళు అడిగిందీ న్యాయమే. షర్టుల మీద పేరు వేయించుకునే కంపెనీలు తమ దుకాణాలే తెరవలేక చేతులెత్తేశాయి. ఉన్న కాస్త డబ్బూ మెడల్స్ తెచ్చే టీమ్‌లకు, పాత విద్యార్థులు విరాళాలిచ్చే టీమ్‌లకు పెట్టారు. మాలాంటివాళ్ళను పక్కన పెట్టారు. మహమ్మారి అందరికీ ఒకేలా వచ్చిందంటారు గానీ కోత మాత్రం ఒకేలా రాలేదు.

మా కన్నా ముందు దెబ్బ తగిలింది మా కోచ్‌కి. ఆమె యాభై దాటిన మలయ్ మనిషి. మమ్మల్నందరినీ "గర్ల్" అనే పిలిచేది. ఆమెకు జీతం గంటల లెక్కన వచ్చేది. ప్రాక్టీసు ఆగిన రోజే జీతమూ ఆగింది. ఆ సంగతి మాకు చెప్పలేదు. మీటింగు తర్వాత కెప్టెన్ ఆమెకు ఫోన్ చేస్తే వెనక బండ్ల చప్పుడు, ఎవరో అరుస్తున్న చప్పుడు వినిపించాయట. ఆన్‌లైన్‌లో కూరగాయలు అమ్మే కంపెనీ గోడౌన్‌లో సంచులు సర్దే పనికి చేరిందామె.

"దిగులు పడకండి, ఇదీ పాస్‌లు వెయ్యడమే కదా. ఒకచోట పట్టుకుని ఇంకోచోట ఇవ్వడం" అని నవ్విందట. కెప్టెన్ మాకు ఆ మాట చెబుతూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

నేనుంటున్న ఫ్లాట్ కరీంనగర్ వైపు వాళ్ళది. అంకుల్ బ్యాంకులో పని చేస్తాడు. ఆంటీ ఇంట్లోనే ఉంటుంది. వాళ్ళకు హైస్కూల్లో చదివే కూతురుంది. బయటికి వెళ్ళే వీల్లేక నేను గదిలోనే గోడకు బంతి కొట్టుకుంటూ, గెంతుతూ ఉండేదాన్ని. ఒకరోజు పొద్దున ఆంటీ తలుపు తోసుకుని వచ్చింది.

"ఏందే పిల్లా, ఇల్లు కూలగొడ్తవా ఏంది? కింది ఫ్లాటామె కట్టె తోని కొడ్తున్నది, ఇనవడ్తలేదా?"

"సారీ ఆంటీ. కూర్చోని కూర్చోని కాళ్ళు పట్టేస్తాండాయి."

ఆమె తిట్టడం ఆపి నా మంచం మీద కూర్చుంది. మోకాళ్ళు రుద్దుకుంటూ, "నాయి సుత గుంజుతున్నయ్. నువ్వు ఎగుర్తున్నవ్ గద, నాకు సుత జర నేర్పియ్యరాదు" అంది.

"నాకన్నా మా కోచ్ బాగా చెప్తాది ఆంటీ. ఆమెకిప్పుడు కోచింగ్ కూడా లేదు."

"మరి పిలువ్. ఊకె వద్దు, పైసలిస్తం. మా ఫోన్ గ్రూపుల ఆడోళ్ళందరు ఇండ్లల్ల కూసొని గోడలు సూస్తున్నరు."

కోచ్‌కి ఫోన్ చేశాను. ఆమె అంతా విని, "నా మీద జాలి పడుతున్నావా, గర్ల్?" అని అడిగింది.

"జాలి కాదు కోచ్. వాళ్ళకు నిజంగానే మోకాళ్ళ నొప్పులు."

"నేను నేర్పితేనే డబ్బు. ఎవరైనా రాకపోతే వాళ్ళ డబ్బు వద్దు" అంది. సరేనన్నాను. ఇంకో సంగతి కూడా ముందే మాట్లాడుకున్నాం. నేను స్టూడెంట్ పాస్ మీద, అంటే చదువు వీసా మీద ఉన్నదాన్ని, ఇలా సంపాదించకూడదు. అందుకని ఆంటీలు నేరుగా కోచ్‌కే పంపేటట్టు, ఒక్క డాలరు కూడా నా చేతి మీదుగా పోకుండా ఏర్పాటు చేసుకున్నాం.

వీడియో కాల్‌లో పెట్టిన మొదటి క్లాసు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బెడోక్ నుంచి చేరినావిడ సిగ్గుపడి కెమెరా ఆపేసుకుంది. సెరంగూన్ ఆవిడ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని సిద్ధంగా నిలబడింది. ఎవరింట్లోనో కుక్కర్ కూత పెడుతోంది. కోచ్ ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాలి. "ఎంగేజ్ యువర్ కోర్!" అందామె. నేను తడుముకుని, "ఉదర భాగాన్ని బిగించండి" అన్నాను.

"ఉదరం గిదరం ఏందే? కడుపు లోపల్కి గుంజున్రి అని చెప్పు" అంది మా ఆంటీ. అందరూ గుంజారు. కోచ్ పెద్దగా నవ్వి, ఆ మాట తనకూ నేర్పమంది. రెండో వారానికల్లా ఆమే "గుంజున్రి, గుంజున్రి" అని అరిచేది. చూస్తుండగానే క్లాసు పెరిగింది. మా అమ్మాయిలు వంతులేసుకుని కోచ్‌కి సాయం చేశారు. ఆమె గోడౌన్ పని పూర్తిగా మానలేదు గానీ రాత్రి షిఫ్టు మానేసింది.

కొన్నాళ్ళకు ఐదుగురు చొప్పున బయట కలుసుకోవచ్చన్నారు. ఆ వారమే మేం ప్రాక్టీసు మొదలుపెట్టాం. కాలేజీ కోర్టు లేదు కాబట్టి మా ఫ్లాట్ల మధ్య ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టే గతి. రింగు ఎత్తు రెండు ఆటలకూ ఒకటే. ఏడుగురి ఆటను ఐదుగురితో ఎలా ఆడాలో కోచ్ ఆలోచించింది. ఐదుగురు ఆడుతుంటే మిగిలినవాళ్ళు ఇళ్ళ దగ్గరే ఆగి, వంతు వచ్చాక వచ్చేవాళ్ళు. కోచ్ ఆరో మనిషి కాకుండా కోర్టు బయటే నిలబడి, లేని ఇద్దరి చోట్లలో రెండు నీళ్ళ సీసాలు పెట్టించి, "అక్కడ మనిషి ఉంది, ఆమెను వదిలేసి పాస్ ఇవ్వకండి" అనేది.

దూరం పాటిస్తున్నామా లేదా అని చూసే పెద్దాయన ఒకరు రోజూ అటు వచ్చేవాడు. "మీటరు దూరం, మీటరు దూరం" అంటూ కోర్టు చుట్టూ తిరిగేవాడు.

"అంకుల్, మా ఆటలో బంతి పట్టుకున్నామె దగ్గరికి మూడడుగుల లోపలికి వస్తే ఫౌల్. ఈ జబ్బు రాకముందు నుంచీ మాకు అదే రూలు" అన్నాను.

ఆయన నమ్మలేదు. కాసేపు నిలబడి చూశాడు. తర్వాత మా కెప్టెన్ వైపు వేలు చూపించి, "ఆ అమ్మాయి దగ్గరికి వచ్చింది, ఫౌల్!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మా అంపైర్ అయిపోయాడు.

ఇంతలో చిక్కొచ్చి పడింది. ఆంటీ కూతురు క్లాసు కోసం ఒక పోస్టర్ చేసింది. అందులో నేను కాలేజీ షర్టు వేసుకుని ఎగురుతున్న ఫోటో పెట్టింది. షర్టు మీద కాలేజీ చిహ్నం స్పష్టంగా కనిపిస్తోంది. తీసెయ్యమంటే, "జస్ట్ ఎ పోస్టర్ లా అక్కా, ఎవరు చూస్తారు?" అంది. చూడాల్సినవాళ్ళే చూశారు. కెప్టెన్‌నీ నన్నూ స్పోర్ట్స్ ఆఫీసుకు రమ్మన్నారు.

ఆ అధికారి మాస్కు వెనక నుంచి అదే మర్యాదతో మాట్లాడాడు. కాలేజీ పేరు చూపించి బయట డబ్బు వసూలు చెయ్యడం తప్పన్నాడు. ఆ మాట నిజమే. పోస్టర్ అప్పటికే తీయించేశామని, నేను ఒక్క డాలరు ముట్టుకోలేదని చెప్పాను. ఆయన తల ఊపాడు. తర్వాత గొంతు తగ్గించి నాతో, "నువ్వు విదేశీ విద్యార్థివి. స్కాలర్‌షిప్ మీద ఉన్నావు. ఇలాంటి వాటిలో నీ పేరు వినిపించడం మంచిది కాదు. ఆ ప్రాక్టీసు కూడా ఆపేస్తే అందరికీ మంచిది. నీ మేలు కోరే చెబుతున్నాను" అన్నాడు.

స్కాలర్‌షిప్ పోతే నేనీ దేశంలో ఒక్క నెల ఉండలేను. సరేనని లేచి వచ్చేస్తే అయిపోయేది. కానీ తప్పు చేసినదాన్నని నన్ను నమ్మించడానికి ఆయన ఎంత మెల్లగా మాట్లాడుతున్నాడో చూస్తే నాకు భయం కన్నా రోషం ఎక్కువైంది.

"సార్, మీరు తీసేసిన టీమ్ పేరు మాకెందుకు? అది వాడుకోం. కానీ ఆడటం మానం" అన్నాను.

"ఎవరికైనా దెబ్బ తగిలితే కాలేజీ మీదికి వస్తుంది కదా?"

కెప్టెన్ అందుకుంది. "టీమ్ లేదని మీరే చెప్పారు. లేని టీమ్‌కి దెబ్బ తగిలితే ఉన్న కాలేజీ మీదికి ఎలా వస్తుంది?"

మేం నమస్కారం చెప్పి వచ్చేశాం. ట్రైన్‌లో కూర్చున్నాక కెప్టెన్ నా చెయ్యి పట్టుకుంది. మనుషులు ఒకరినొకరు తాకడం మానేసిన రోజులవి.

ఇంట్లో ఈ సంగతి తెలిసి అంకుల్ కంగారు పడ్డాడు. "పరాయి దేశంల ఉన్నం బిడ్డా. మనం తల వంచుకొని మన పని మనం చేస్కోని పోవాలె" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆయన ఇన్నేళ్ళూ అలాగే బతికాడు.

ఆంటీ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "తల వంచుకుంటె బంతెట్ల కనవడ్తది? ఇగ నువ్వు ఊకో" అంది. తర్వాత నా షర్టు తెమ్మని, కత్తెర మొనతో ఆ చిహ్నం కుట్లు ఒక్కొక్కటే విప్పింది. మిగతా అమ్మాయిలవి కూడా తెప్పించి విప్పింది. చిహ్నం పోయిన చోట బట్ట వెలవకుండా కొత్తగా ఉండిపోయింది. మేం అవే వేసుకుని ఆడాం.

అందరూ నిలబడ్డారని చెప్పను. ఒకమ్మాయికి ఇంట్లో ముసలి అమ్మమ్మ ఉంది, ఆమెకు జబ్బు తగులుతుందేమోనని మానేసింది. ఇంకొకమ్మాయి ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళిపోయింది. నిబంధనలు సడలేవి, మళ్ళీ బిగిసేవి. ఒక దశలో ఇద్దరికి మించి కలవకూడదన్నారు. అప్పుడు ఇద్దరిద్దరమే వెళ్ళి చెరో వైపు నిలబడి పాస్‌లు ఇచ్చుకున్నాం. వానలో కూడా ఆడాం. ఎందుకు ఆడుతున్నామని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి మాకు పోటీ లేదు, టీమ్ లేదు, పేరు లేదు. ఆపమన్నారు కాబట్టి ఆడుతున్నాం, అంతే. కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయిలు కొందరు ఎలాగో విని మమ్మల్ని వెతుక్కుంటూ ఆంగ్ మో కియో వచ్చారు.

పోటీలు మళ్ళీ మొదలవుతాయన్నప్పుడు స్పోర్ట్స్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఈసారి కుర్చీలు వేసి కాఫీ ఇచ్చారు. అన్ని ఆటల్లో వచ్చే పాయింట్లు కలిపి కాలేజీలకు ఒక షీల్డు ఇస్తారు. నెట్‌బాల్‌కు టీమ్ పంపకపోతే ఆ పాయింట్లు సున్నా. కొత్త టీమ్ తయారు చెయ్యడానికి వాళ్ళకు సమయమూ లేదు, డబ్బూ లేదు. తయారుగా ఉన్నది మేమే.

"మీరు తిరిగి రావాలని మా కోరిక" అన్నాడు అధికారి.

కెప్టెన్‌కు అది చివరి సంవత్సరం. ఆమె రెండు షరతులు చెప్పింది. కోర్టు తెరిచి ఉన్నా మూసి ఉన్నా కోచ్‌కి నెల జీతం ఇవ్వాలి. ఇంకెప్పుడైనా ఏ టీమ్‌నైనా ఆపాలనుకుంటే ముందు ఆడేవాళ్ళను కూర్చోబెట్టి లెక్కలు చూపించి మాట్లాడాలి.

"కోచ్‌లకు గంటల లెక్కే. అది రూలు" అన్నాడాయన.

"అయితే పాయింట్లు కూడా గంటల లెక్కన ఎవరిస్తారో వాళ్ళనే అడగండి" అంది.

ఆయన పైవాళ్ళను అడుగుతానన్నాడు. చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. మేం మా కోర్టులో మేం ఆడుకుంటూనే ఉన్నాం. చివరికి కబురొచ్చింది. కోచ్‌కి ఏడాది పాటు నెల జీతం ఇస్తారట, రాతపూర్వకంగా. రెండో షరతుకు మాత్రం కుదరదన్నారు.

కెప్టెన్ పోవద్దంది. నేను పోదామన్నాను. ఆ రోజు మేమిద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. "వాళ్ళకు పాయింట్లు కావలసినప్పుడు మనం గుర్తొచ్చాం, రేపు మళ్ళీ మర్చిపోతారు" అని ఆమె. "మర్చిపోతారు కాబట్టే వాళ్ళ కళ్ళ ముందు ఉండాలి" అని నేను. కోచ్ ఇద్దరి మాటా విని, "ఇచ్చిన దాన్ని తీసుకుందాం, గర్ల్స్. ఇవ్వనిదాన్ని అడుగుతూనే ఉందాం. ఒకటి తీసుకుంటే ఇంకొకటి అడగకూడదని ఎక్కడా లేదు" అంది. దాంతో పోట్లాట ఆగింది.

పోటీల చివరి రోజున ఆంటీలందరూ వచ్చారు. మా ఆంటీ ముందుగా వచ్చి మొదటి వరుసలో ఒక్కో కుర్చీ మీద ఒక్కో టిష్యూ ప్యాకెట్ పెట్టి, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో బల్లలు చోప్ చేసినట్టు, అంటే ముందే ఆపి పెట్టుకున్నట్టు, కుర్చీలన్నీ చోప్ చేసేసింది. ఆంటీలంతా చుడీదార్ల కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుని, "గుంజున్రి! గుంజున్రి!" అని ఒకటే కేకలు. అంపైర్ రెండుసార్లు అటు తిరిగి చూసింది. మూడో స్థానం కోసం మ్యాచ్. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. చివర్లో వాళ్ళు వేసిన బంతిని ఆపబోతే, అది నా వేళ్ళకు తగిలి కూడా రింగులోకే వెళ్ళింది. నేను నేల మీద అలాగే కూర్చుండిపోయాను. కెప్టెన్ వచ్చి నన్ను లేపింది.

అధికారి మా దగ్గరికి వచ్చాడు. "అయ్యో, మెడల్ కొద్దిలో తప్పిపోయింది" అన్నాడు సానుభూతిగా.

మా ఆంటీ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "మెడల్ ముచ్చట తర్వాత సారూ. ఈ కోచమ్మ జీతం వచ్చే ఏడు సుత బంద్ చెయ్యకున్రి. చేస్తిరా, మేమంత మీ ఆఫీసుకొచ్చి కూసుంటం" అంది తెలుగులో, చక్కగా నవ్వుతూ. ఆయన కూడా నవ్వి, థ్యాంక్యూ ఆంటీ అన్నాడు. ఏమందని నన్ను అడిగాడు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కోచ్ మాత్రం ముఖం పక్కకు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వింది.

మరుసటి సంవత్సరం కోచ్ జీతం ఆగలేదు. అది ఆంటీ బెదిరింపు వల్లనో, కొత్తమ్మాయిలు కెప్టెన్ అడిగినంత గట్టిగా అడగడం వల్లనో నాకు తెలియదు. రెండో షరతును ఇప్పటికీ ఒప్పుకోలేదు. కెప్టెన్ ఇప్పుడు బడిలో టీచరు, పిల్లలకు నెట్‌బాల్ నేర్పుతుంది. నేను ఒక కంపెనీలో ఉద్యోగం చేసుకుంటున్నాను. శనివారాలు కోచ్ దగ్గరికి వెళ్తాను. ఆంటీలు ఇప్పుడు ఒట్టి వ్యాయామం చాలదని ఆటే నేర్చుకుంటున్నారు. చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడిన సెరంగూన్ ఆవిడ షూటర్ అయింది, ఎంత దూరం నుంచైనా వేసేస్తుంది.

పాత విద్యార్థులందరికీ పంపినట్టే నాకూ కాలేజీ నుంచి మెయిల్ వస్తుంది, ఆటల నిధికి విరాళం ఇమ్మని. ఇస్తానని, కానీ ముందు ఒక మాట చెప్పమని జవాబు రాశాను. ఇంకో మహమ్మారి వస్తే ఏ టీమ్‌ను ముందు ఆపుతారు, ఆపేముందు ఆ పిల్లలను అడుగుతారా అని. నా ఆసక్తికి కృతజ్ఞతలు చెబుతూ చక్కటి జవాబు వచ్చింది. అడిగిన మాట తప్ప అన్నీ ఉన్నాయి అందులో.

మళ్ళీ రాశాను.